మేనకోడలి సంచి వెంట తిరువూరు

శుక్రవారం సాయంత్రం ఆరింటికి మా మరదలు విజయ తిరువూరు నుంచి ఫోన్ చేసింది. మామూలుగా అయితే వీధిలో వాళ్ళ కబుర్లన్నీ అయ్యాక అసలు విషయానికి వస్తుంది. ఆ రోజు మాత్రం ఎత్తగానే "వదినా, ఒక్కరే ఉన్నారా?" అని అడిగింది. అక్కడే నాకు అనుమానం తగిలింది. ఒంటరిగా ఉన్నారా అని అడిగి మంచి కబురు చెప్పినవాళ్ళు నాకు ఇంతవరకూ కనబడలేదు.

సంగతి వాళ్ళమ్మాయి బ్లెస్సీ గురించి. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. విజయవాడలో నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. సోమవారం సాయంత్రం నాలుగు లోపల వచ్చి చేరకపోతే ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట. పిల్లేమో చేరనంటోంది. ఎందుకో చెప్పదు. రెండు నెలలుగా సరిగ్గా తినడం లేదు, పడుకోవడం లేదు. ప్రతి శనివారం మధ్యాహ్నం ట్యూషనని చెప్పి ఎక్కడికో వెళ్ళొస్తోంది. ఇంటర్ అయిపోయాక ట్యూషనేమిటని విజయకి సందేహం వచ్చి, పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు సంచి వెతికింది. అందులో ఎనిమిది ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం చూసే థర్మామీటరు, నాలుగు నిమ్మకాయలు ఉన్నాయి.

"వాంతులవుతున్నాయేమో వదినా," అంది విజయ. గొంతు అప్పటికే ఏడుపులోకి దిగిపోయింది. "పెళ్ళికాని పిల్ల సంచిలో అవెందుకుంటాయి చెప్పండి? మీరొకసారి రండి. మీకైతే ముఖం చూస్తేనే తెలిసిపోద్ది."

నేను ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేశాను. టికెట్టు తీసుకోనివాడు కిటికీలోంచి ఎలా చూస్తాడో, మైలవరానికి టికెట్టు కొని తిరువూరు దాకా పోవాలనుకునేవాడు ఎలా కళ్ళు మూసుకుంటాడో నాకు కంఠతా వచ్చు. రిటైరయ్యాక ఆ విద్యకి పనిలేక బంధువుల మీద వాడుతున్నానని మా ఆయన ఎకసెక్కం చేస్తుంటాడు. ఆయన మాట పక్కనపెట్టి రెండు జతల బట్టలు సర్దుకున్నాను.

శనివారం పొద్దున ఏడింటికల్లా బస్టాండులో ఉన్నాను. ఏడూ ఇరవైకి తిరువూరు ఎక్స్‌ప్రెస్ పెట్టారు. ఈ దారిన పొద్దున పూట వెళ్ళేవాళ్ళు ఎడమ పక్క కూర్చోవడం మంచిది. ఇబ్రహీంపట్నం దాటి బస్సు ఉత్తరానికి తిరిగిందంటే ఎండంతా కుడి పక్క వాళ్ళ ముఖానే కొడుతుంది. ఇప్పుడు ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు, సున్నా టికెట్టు ఇస్తారు. కండక్టరు పాతికేళ్ళ కుర్రాడు. నా కార్డు పట్టుకుని ఫోటోని, నన్ను మార్చి మార్చి చూశాడు.

"ఇది మీరేనా అమ్మా?"

"పదేళ్ళ కిందటి నేను," అన్నాను. అతని చూపులో ఉన్న అనుమానం చూస్తే నాకు కోపం రాలేదు, ముచ్చటేసింది. పనికొచ్చే కుర్రాడే అనుకున్నాను.

కొండపల్లిలో ఒక యువకుడు ఎక్కి నా వెనక సీట్లో కూర్చున్నాడు. రెండు ఫోన్లు, మెడలో టై. జి.కొండూరు రాకముందే ముందుకి వంగి, "ఆంటీ, ఇంట్లో కూర్చుని సంపాదించుకునే అవకాశం ఒకటుంది, వింటారా?" అన్నాడు. వింటానన్నాను. ముందు మనం నలుగుర్ని చేర్పించాలి, ఆ నలుగురూ మళ్ళీ నలుగుర్ని చేర్పించాలి. మొదట్లో టీ, బిస్కట్లు పెట్టి ఉచితంగా క్లాసు చెబుతారట. నేను కండక్టరుగా చేశానని చెప్పగానే అతను రెండో ఫోనులోకి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం బుర్రలో ఒక కొత్త మేకు దిగింది. శనివారం శనివారం వెళ్ళే క్లాసులంటే ఇవే కదా!

మైలవరంలో ఎనిమిదీ నలభైకి ఆపారు. టీ తాగడానికి పది నిమిషాలు చాలు, ఇడ్లీ తినాలంటే చాలవు. అక్కడ ఒక రైతు ఎక్కి డ్రైవరు వెనక నిలబడి అందరికీ వినబడేలా మాట్లాడాడు. "మృగశిర వచ్చి వారమైంది. చినుకు లేదు. మృగశిర కురిస్తే ముసలెద్దైనా రంకేస్తుందంటారు. ఇప్పుడు కుర్రెద్దులే నాలుకలు బయటపెట్టుకుని పడున్నాయి." బస్సులో సగం మంది నవ్వారు. నేను నవ్వలేదు, అతని సంచి ఎవరి కాళ్ళ మీద పెట్టాడో చూస్తున్నాను.

ఎ.కొండూరు దగ్గర నీళ్ళ ట్యాంకరు చుట్టూ బిందెల బారు కనబడింది. తొమ్మిదీ ముప్పావుకి తిరువూరు. సెంటర్లో దిగేసరికే తారు రోడ్డు చెప్పుల కింద మెత్తగా తగిలింది.

మా తమ్ముడు ఆనందరావు హైస్కూల్లో సైన్సు చెబుతాడు. రెండో శనివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. విజయ నా చేతికి మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళిపోగానే వాడు కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు.

"ఏం కాదక్కా. నువ్వు అనవసరంగా శ్రమపడ్డావు. వయసు అలాంటిది. రెండు రోజులుంటే సర్దుకుంటుంది."

"మరి దాని ఫోను ఎందుకు చూస్తున్నావు?"

వాడు గతుక్కుమన్నాడు. ఊరికే అన్నాను, తగిలింది. "ఎవడో ఉన్నాడనుకుంటున్నా," అన్నాడు గొంతు తగ్గించి. "ఫోనులో మాత్రం ఏమీ దొరకలేదు. అన్నీ ఎండల వార్తలు, వాన ఎప్పుడొస్తుందనే బొమ్మలు. కావాలనే మిగతావి తుడిచేస్తోంది."

నాకూ అదే సబబనిపించింది. ఖాళీగా కనబడిన సంచినే ఎక్కువసేపు వెతకాలని మా డిపోలో పాత ఇన్స్పెక్టరు చెబుతుండేవాడు.

అప్పుడే బ్లెస్సీ మేడ దిగి వచ్చింది. చూసి ఆరు నెలలే అయింది గానీ పిల్ల సగానికి సగం చిక్కిపోయింది. కళ్ళ కింద నలుపు. "వందనాలు అత్తా," అని పక్కన కూర్చుంది.

"అమ్మ పిలిపించిందా?"

"లేదే. మామిడికాయల కోసం వచ్చాను."

"కాయలైపోయాయి అత్తా," అంది నవ్వకుండా. ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఒక్క మాటతో దిగిపోయింది.

భోజనానికి దోసకాయ పప్పు, చేపల వేపుడు చేసింది విజయ. నేను పిల్ల కంచం మీదే కన్నేసి ఉంచాను. నాలుగు ముద్దలు తిన్నది, వాంతి లేదు. పుల్లటి పచ్చడి వెయ్యబోతే వద్దంది. విజయ నాకు కళ్ళతో సైగ చేసింది, నేను తల అడ్డంగా ఊపాను. కేసు అటు వైపు కాదు. మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే పిల్ల ముఖంలో రంగు మారింది. లేచి వెళ్ళి తువ్వాలు తడిపి కిటికీకి కట్టి, చెంబెడు నీళ్ళు వాళ్ళ నాన్న ముందు పెట్టి, తాగుతున్నాడో లేదో చూసింది. ఆనందరావు "ఏం కాదమ్మా, కూర్చో," అన్నాడు. ఆ మాట వినగానే పిల్ల కంచం తీసేసి చెయ్యి కడిగేసుకుంది.

మూడింటికి సంచి భుజాన వేసుకుని "ట్యూషనుకి" బయల్దేరింది. నేను చున్నీలాగా తలకి కొంగు చుట్టుకుని పదడుగుల వెనక నడిచాను. సెంటర్లో గంపలగూడెం షేర్ ఆటో ఎక్కింది. నేను వెనక ఆటో ఎక్కి ముందుది పట్టుకోమన్నాను.

"ఆడపిల్ల కేసా అమ్మా?" అన్నాడు డ్రైవరు అద్దంలో నన్ను చూస్తూ.

"నీకెందుకు? పోనివ్వు."

"నాకూ ఇద్దరున్నారు లెండి," అని నిట్టూర్చి వేగం పెంచాడు. ముప్పై రూపాయలు. రోడ్డు రెండు పక్కలా దున్ని పెట్టిన పొలాలు, విత్తనం పడకుండా ఎండుతున్నాయి.

నాలుగైదు కిలోమీటర్లు పోయాక బ్లెస్సీ ఒక మామిడి తోట దగ్గర దిగింది. రోడ్డు పక్కనే రేకుల షెడ్డు ఉంది, సీజన్లో కాయలు ఏరి ట్రేలలో సర్దే చోటు. ఇప్పుడు ఖాళీ. నేను కొంచెం ముందుకి పోయి దిగి, వెనక్కి నడిచి, పేర్చిన ప్లాస్టిక్ ట్రేల చాటున నిలబడ్డాను. ఈ వయసులో ఇదేం పని అని లోపల ఒక గొంతు అంటూనే ఉంది. కాళ్ళు మాత్రం కదల్లేదు.

లోపల తొమ్మిది మంది కుర్రకారు, ట్రేలు బోర్లించి గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో అరవై దాటిన ఒకావిడ, తెల్ల జుట్టు, మెడలో సన్నటి శిలువ గొలుసు. పెద్ద స్టీలు బకెట్టు, గ్లాసులు. ఒక్కొక్కరూ వచ్చి ఫోను తీసి ఒక ట్రేలో పడేస్తున్నారు. టీ పొంగుతున్న వాసన వచ్చింది. ఇంకేముంది, బస్సులో టై కుర్రాడు చెప్పిన చైను వ్యాపారమే! ఉచిత టీ, గుండ్రంగా కూర్చోవడం, మధ్యలో పెద్దమనిషి. సరుకు ఎప్పుడు బయటికి తీస్తారా అని చూస్తున్నాను.

సరుకు రాలేదు. పొడుగాటి కుర్రాడొకడు మాట్లాడటం మొదలెట్టాడు. "మా నాన్న పత్తి విత్తనాలు తెచ్చి పది రోజులైంది. పొద్దున్నే లేచి ఆకాశం చూసి మళ్ళీ పడుకుంటున్నాడు. మాట్లాడటం లేదు. ఆయన్ని చూస్తే నాకు ఇంట్లో ఉండబుద్ధి కావడం లేదు. నేను పెద్దయ్యేసరికి ఈ పొలం ఉంటుందా అనిపిస్తోంది." అని ఆగిపోయాడు. ఎవరూ ఓదార్చలేదు. పక్కనున్న అమ్మాయి కాస్త దగ్గరకి జరిగింది, అంతే. పిల్లవాడు కళ్ళు తుడుచుకుంటుంటే ఆ పెద్దావిడ కూడా ఊరుకుంది. నాకు ఒళ్ళు మండింది. వ్యాపారం కాకపోతే మరేదో మత్తు. పిల్లల్ని ఏడిపించి చుట్టూ తిప్పుకుంటున్నారు.

సడన్ చెకింగుకి బస్సెక్కినట్టు లోపలికి నడిచాను. "ఇక్కడ పెద్ద ఎవరండీ?"

"నేనే, ఫిలోమినా అంటారు. రండి, కూర్చోండి," అందావిడ, ఒక ట్రే బోర్లిస్తూ.

"ఫీజెంత తీసుకుంటున్నారు? ఏం అమ్మిస్తారు వీళ్ళ చేత? ఏదైనా పార్టీనా?"

ఒకరిద్దరు నవ్వాపుకున్నారు. బ్లెస్సీ తల మోకాళ్ళలో పెట్టుకుంది. "మా అత్త," అంది అక్కడి నుంచే. "కండక్టరుగా చేసింది."

"అయితే అడగాలి మరి," అంది ఫిలోమినా గారు. కోపం లేదు ఆ మాటలో. ఆవిడ ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తగా ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారట. షెడ్డు వాళ్ళ మరిదిది. ఫీజు లేదు. ఈ వేసవిలో ఒకరిద్దరు పిల్లలు భయమేస్తోందని ఆవిడ దగ్గరకొచ్చి కూర్చోవడం మొదలెట్టారు, వాళ్ళ వెంట మిగతావాళ్ళు. ఎండ గురించి, నీళ్ళ గురించి, ముందు ముందు బతుకెలా ఉంటుందనే దాని గురించి. గంటసేపు చెప్పుకుంటారు, తరవాత ఏదో ఒక పని చేసి ఇళ్ళకి పోతారు.

నేను నమ్మలేదు. ఇంత మామూలుగా ఉన్నదేదీ నేను మొదటిసారికి నమ్మను. కానీ ఆ పత్తి రైతు కొడుకు ఇంకా ముక్కు ఎగబీలుస్తున్నాడు. తల్లి మనసు ఊరుకోదు కదా. "ఏం కాదులే బాబూ," అన్నాను. "దేవుడున్నాడు. వాన వస్తుంది."

అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు.

"గ్లాసులు, ఆంటీ," అంది ఒక అమ్మాయి.

అర్థం కాలేదు. ఫిలోమినా గారు చెప్పారు. ఇక్కడ ఒకే ఒక్క నియమం. ఎవరైనా భయం చెప్పుకున్నప్పుడు "ఏం కాదు" అనకూడదు. అన్నవాళ్ళు ఆ రోజు అందరి గ్లాసులూ కడగాలి. "నేనూ చాలాసార్లు కడిగానండి," అన్నారావిడ. "నోటికి అలవాటైన మాట. మనం అది అనగానే పిల్లలు రెండో మాట చెప్పడం మానేస్తారు."

టీ తాగి, పదకొండు గ్లాసులు పట్టుకుని షెడ్డు వెనక తొట్టి దగ్గరికి వెళ్ళాను. బ్లెస్సీ వెంట వచ్చింది. నేను తోముతుంటే తను కడుగుతోంది. ముఖాలు చూసుకోనక్కర్లేని పని కాబట్టి కాబోలు తనే మొదలెట్టింది.

ఏప్రిల్లో వాళ్ళ పక్క వీధి మార్తమ్మ ఈ తోటల్లోనే కాయలు ఏరడానికి వచ్చింది. మధ్యాహ్నం ఇంటికి నడిచి వస్తూ బ్లెస్సీ వాళ్ళ గేటు ముందే పడిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. "నేను పరిగెత్తుకెళ్ళి నీళ్ళు తాగించబోయాను అత్తా. దిగలేదు. పక్కలంట కారిపోయాయి. స్పృహ లేని మనిషికి నోట్లో నీళ్ళు పొయ్యకూడదంట, ఒళ్ళు తడపాలంట. నాకు తెలీదు. ఆటో వచ్చేసరికే…" గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. "డాడీ వయసైపోయిందన్నాడు. పాస్టర్ గారు దేవుని చిత్తం అన్నారు. మార్తమ్మ వాళ్ళబ్బాయి షుగర్ అన్నాడు. ఎండ వల్ల అని ఒక్కరూ అనలేదు అత్తా. నేను పిచ్చిదాన్నా? అందరూ నా దగ్గర ఏదో దాస్తున్నారనిపిస్తుంది. పడుకుంటే వచ్చే ఏడాది ఎండ గుర్తొస్తుంది. ఆ తరవాతి ఏడాది. నర్సునయితే ఇలాంటివాళ్ళని రోజూ తెస్తారు. వాళ్ళు నా చేతుల్లో పోతే నేను చూస్తూ నిలబడాలి. నేను చేరను."

నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. ఏం కాదు. మింగేశాను.  ఇరవై ఆరేళ్ళు ఎదుటివాళ్ళ చేత నిజం చెప్పించాను గానీ నేను చెప్పాల్సి వచ్చింది తక్కువ. చెప్పేశాను. మా ఆయనకి కూడా తెలియని సంగతి.

నా సర్వీసు చివరి వేసవి, మే నెల, ఇదే రూటు. విజయవాడలో ఒక పెద్దాయన ఎక్కి మైలవరానికి టికెట్టు తీసుకున్నాడు. మైలవరం వచ్చింది, దిగలేదు. కళ్ళు మూసుకుని కిటికీకి ఆనుకున్నాడు. ఈ నాటకం నాకు తెలుసులే అనుకున్నాను. "ఏం తాతా, నిద్ర బాగా పట్టిందే, ఎ.కొండూరు దాకానా తిరువూరు దాకానా?" అని బస్సంతా నవ్వేలా అన్నాను. పలకలేదు. సరే, తిరువూరులో దింపి అక్కడ వసూలు చేద్దాం, పరువు పోతే బుద్ధొస్తుందని వదిలేశాను. గంటసేపు. తిరువూరులో భుజం పట్టి కుదిపితే పక్కకి ఒరిగిపోయాడు. ఆసుపత్రికి చేర్చాం. కాగితం మీద 'ప్రయాణికుడికి అస్వస్థత' అని రాశాను. ఆయన బతికాడో లేదో కనుక్కోలేదు. భయపడి కనుక్కోలేదు.

చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. పిల్ల నన్ను అసహ్యించుకుంటుందని అనుకున్నాను.

బ్లెస్సీ గ్లాసు కింద పెట్టింది. "ఒంటి మీద చెమట ఉందా అత్తా?"

"ఏంటీ?"

"కుదిపినప్పుడు. చెయ్యి తగిలింది కదా. చెమట పట్టి ఉందా, పొడిగా ఉందా?"

గుర్తు చేసుకున్నాను. "పొడిగా ఉంది. పెనంలా కాలింది. చెమట లేదు కాబట్టి హాయిగా నిద్రపోతున్నాడనే అనుకున్నాను."

"చెమట ఆగిపోయిందంటే లోపల వేడి హద్దు దాటిపోయిందని, అత్తా. మైలవరంలో ముట్టుకునుంటే తెలిసిపోయేది." నన్ను తప్పుపట్టినట్టు లేదు. లెక్కల మాస్టారు తప్పు ఎక్కడ జరిగిందో చూపించినట్టు చెప్పింది. ఆ మాట అంటున్నప్పుడు వాళ్ళమ్మ ఫోనులో చెప్పిన పిల్ల కాదు అది. నేను తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాను. అది నా వీపు మీద చెయ్యి వేసింది.

నాలుగున్నరకి అందరూ ఓఆర్ఎస్ కలిపిన బకెట్టు మోసుకుని కిలోమీటరు దూరంలో ఉన్న ఇటుక బట్టీకి వెళ్ళారు. సంచిలో నిమ్మకాయలు, థర్మామీటరు దేనికో అక్కడ తెలిసింది. పనివాళ్ళకి గ్లాసులు అందిస్తూ బ్లెస్సీ ఒక ముసలామె మెడ మీద అరచెయ్యి తిప్పి పెట్టి చూసింది. నీడలో కూర్చోబెట్టి తడిగుడ్డ వేసింది. థర్మామీటరు పెట్టి అంకె చూసి, ఆమె చేతికి ఇంకో గ్లాసు ఇచ్చింది.

నేను ఫిలోమినా గారి పక్కన చేరాను. నా అనుమానం ఇంకా పూర్తిగా చావలేదు. "దీంతో పిల్లల భయం పోతుందంటారా?"

"పోదండి. పోగొడతానని నేను ఎవరికీ చెప్పలేదు. భయపడాల్సిందానికే భయపడుతున్నారు వాళ్ళు. పక్కన మనుషులుంటే ఆ పూట అన్నం తింటారు. ఒకబ్బాయి బొత్తిగా మంచం దిగడం లేదు, అది మాటలతో అయ్యేది కాదని వాళ్ళమ్మని ఒప్పించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను."

"మరి మా పిల్ల? సీటు వదిలేస్తుందా?"

"నన్నడిగితే వెళ్ళమంటాను. కానీ నేను చెబితే వెళ్ళకూడదు. మీరు చెబితే అసలే వెళ్ళకూడదు."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక విజయకి వంటింట్లో చెప్పాను. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దేనికో విని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, వెంటనే ఏడ్చింది. "సంచి వెతికానే కానీ దాన్ని అడగలేదు వదినా," అంది. సాయంత్రం ఆనందరావుని మేడ మీదకి తీసుకెళ్ళాను.

"నువ్వు సైన్సు చెబుతావు కదరా. మార్తమ్మ దేనివల్ల పోయింది?"

వాడు రోడ్డు వైపు తిరిగాడు. "ఎండదెబ్బే అక్కా. నాకు ఆ రోజే తెలుసు."

"మరి వయసన్నావట?"

"పిల్ల భయపడుతుందని."

"ఇప్పుడు ధైర్యంగా ఉందా?"

 ఊరందరినీ అనుమానించాను. బస్సెక్కిన రైతుని, టీ పోసిన ముసలావిడని, కంటతడి పెట్టుకున్న కుర్రాణ్ణి. అబద్ధం మాత్రం మా తమ్ముడి నోట్లో ఉంది, అదీ ప్రేమకొద్దీ చెప్పింది. నాకు వాడి మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. కిందకి వచ్చేసరికి బ్లెస్సీ వాకిట్లో మొక్కలకి నీళ్ళు పోస్తోంది. సర్టిఫికెట్ల ఫైలు బీరువా మీద ఎక్కడిది అక్కడే ఉంది. వస్తావా అని నేను అడగలేదు. అడగకుండా ఉండటం ఆ ప్రయాణం మొత్తంలో నేను చేసిన కష్టమైన పని.

సోమవారం పొద్దున ఐదున్నరకి నేను చెప్పులు వేసుకుంటుంటే ఫైలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. భుజాన అదే సంచి. నా బుద్ధి ఊరుకుంటుందా? మా నోళ్ళు మూయించడానికి వస్తోందేమో, మధ్యలో ఎక్కడైనా దిగిపోతుందేమో అనుకున్నాను.

ఆరుంబావు బస్సు. తిరుగు ప్రయాణంలో కుడి పక్క కూర్చోండి. మేము కూర్చున్నాం. ఆనందరావు కిటికీ దగ్గర నిలబడి నీళ్ళ సీసా అందించాడు, అరటిపళ్ళు అందించాడు, మళ్ళీ ఆ సీసా మూత బిగించి ఇచ్చాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాక కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"మార్తమ్మది ఎండదెబ్బే తల్లీ," అన్నాడు. "నీకు అబద్ధం చెప్పాను. నాకూ భయంగానే ఉంది. మా క్లాసులో పిల్లలు మధ్యాహ్నం బల్లల మీద తలలు వాల్చేస్తుంటే పాఠం మధ్యలో ఆగిపోతున్నాను."

బస్సు కదిలింది. వాడు నాలుగడుగులు పక్కనే నడిచి ఆగిపోయాడు. బ్లెస్సీ అప్పటిదాకా రాయిలా కూర్చున్నది, ఎ.కొండూరు వచ్చేదాకా వెక్కి వెక్కి ఏడ్చింది. ముందు సీటులో ఒకామె వెనక్కి తిరిగి, "హాస్టలుకా? మొదట్లో అందరూ ఏడుస్తారులే, ఏం కాదు," అంది. పిల్ల ఏడుస్తూనే నన్ను చూసింది. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. ఆవిడకి కోపమొచ్చి ముందుకి తిరిగింది.

మైలవరం దాటాక అడిగింది. "భయమేస్తే మీ ఇంటికి రావచ్చా అత్తా?"

"రా. ఏ టైములో అయినా."

"మామయ్యకి ఆ తాత సంగతి చెప్తావా?"

"చెప్తాను," అన్నాను. చెప్పాలని ఆ క్షణాన నిజంగానే అనుకున్నాను. "ఆసుపత్రికి వెళ్ళి కనుక్కుంటాను కూడా."

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి చెప్పగలిగింది కొంచెమే. తిరువూరులో చూడటానికి ప్రత్యేకంగా ఏమీ లేదు, జూన్లో అయితే ఎండ ఉంటుంది. మీకు అక్కడ పిల్లలుంటే, ముందు సంచులు వెతక్కుండా పక్కన కూర్చోండి. ఇది నాలాంటిదానికి చెప్పినంత తేలిక కాదని కూడా చెబుతున్నాను.

తొమ్మిదింటికి విజయవాడలో దిగాం. టిఫిను చేసి సిటీ బస్సులో కాలేజీకి వెళ్ళేసరికి పదిన్నర. ఆఫీసులో గుమాస్తా సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తిప్పి చూశాడు, నాకంటే అనుమానపు మనిషి. చివరికి రిజిస్టరు తిప్పి పెన్ను ఇచ్చాడు. బ్లెస్సీ పెన్ను పట్టుకుని ఖాళీ గడి వైపు చూస్తూ ఉండిపోయింది. వెనక నిలబడ్డవాళ్ళు గొణిగారు. నేను నోరు మెదపలేదు. తరవాత ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, మెల్లగా పూర్తి పేరు రాసింది.